ముందేది, పిదపేది?

2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు ధర లేక కోనసీమ వరి రైతులు పంట విరామం ప్రకటించారు. పండించడం తెలిసినంత మాత్రాన బ్రతుకు గడవదని ఆ సంఘటన చాటింది. కొబ్బరి విషయమూ అంతే. అంబాజీపేట మార్కెట్‌లో ధర పడిపోతే, కాయనే నమ్ముకొన్న రైతుకు వేరే దారి ఉండదు.

డొక్క నుండి పీచు, ఎండుకొబ్బరి నుండి నూనె, చిప్ప నుండి బొగ్గు తీయవచ్చు. అయితే అన్నింటినీ ఒకేసారి తలకెత్తుకొనరాదు. ఎవరు కొంటారో తెలుసుకొని, ముందేది, పిదపేది, అసలు వద్దనవలసినదేది అని నిర్ణయించాలి. వాణిజ్యరంగంలో దీనినే రోడ్‌మ్యాప్ అంటారు. దానిని రూపొందించడం ప్రొడక్ట్ మేనేజర్ కర్తవ్యం.

కొబ్బరిమొక్కను రైతు కొన్నేళ్ల ముందుచూపుతో నాటుతాడు. ఆ ముందుచూపు కాయ కోసిన తరువాత కూడా కొనసాగాలి. కోనసీమ యువత పూనుకోవలసిన పని అదే.