నల్లబడ్డ మెడకు సున్నిపిండి మందు కాదు

ఎదిగే పిల్లకు మెడ వెనక నల్లగా, మందంగా అయిందంటే చాలా ఇళ్లలో ముందు పడేవి చీవాట్లే. సరిగ్గా రుద్దుకోవడం లేదని సాధింపు. ఆ తర్వాత నిమ్మచెక్క, సున్నిపిండి, చివరికి మందుల షాపులో అడిగి తెచ్చిన క్రీము.

అది మురికి కాదు. చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక, ఆ లోటు పూడ్చడానికి ఒళ్లు దాన్ని మరింత తయారుచేసుకుంటుంది. అలా పెరిగిన ఇన్సులిన్ చర్మ కణాలను ఎగదోస్తుంది. ముందు చూడాల్సింది బరువు, రక్తంలో చక్కెర. ఎంత తోమినా మెడ తెల్లబడదు, పైగా ఒరుసుకుపోతుంది.

ఒంటి రంగును అందం లెక్కలో వేసే అలవాటు ఇంతకంటే ప్రమాదకరమైన జబ్బులనూ దాచేస్తుంది. 1855లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్, నీరసించి చిక్కిపోతూ రంగు మారుతున్న రోగుల గురించి రాశాడు. వాళ్లలో చెడిపోయినవి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు. అవి కార్టిసాల్ ఇవ్వకపోతే, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి వాటిని తట్టిలేపడానికి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను కుమ్మరిస్తుంది. చర్మానికి రంగు పట్టించే ఎంఎస్‌హెచ్ పుట్టేదీ, ఇది పుట్టేదీ ఒకే పెద్ద ప్రొటీన్ నుంచి. అందుకే మోతాదు మించిన ఏసీటీహెచ్ రంగు కణాలనూ కదిలిస్తుంది. అమెరికా అధ్యక్షుడు కెనడీది ఈ జబ్బే. 1960 ఎన్నికల్లో ఆయనకు ఆ జబ్బు లేదని ఆయన మనుషులు బుకాయించారు.

మన దేశంలో అడ్రినల్ గ్రంథులను ఇప్పటికీ తినేసే వాటిలో క్షయ ఒకటి. చామనఛాయ ఒంటిమీద ఈ నలుపు చప్పున తెలియదు. చిగుళ్లు, అరచేతి గీతలు, పాత గాయాల మచ్చలు కొత్తగా నల్లబడ్డాయా అని చూడాలి. దానికి తోడు నీరసం, లేస్తే కళ్లు తిరగడం, ఉప్పు మీద యావ ఉంటే పొద్దున్నే కార్టిసాల్ పరీక్ష చేయించాలి.

ఏసీటీహెచ్, ఎంఎస్‌హెచ్ పుట్టే ఆ పెద్ద ప్రొటీనే లోపిస్తే? అలాంటి పిల్లల గురించి 1998లో జర్మనీ వైద్యులు రాశారు: ఎర్రజుట్టు, తీరని ఆకలి, స్థూలకాయం. ఆకలికి కళ్లెం వేసేదీ ఆ ప్రొటీన్ నుంచి పుట్టే హార్మోనే మరి.

ఇక తెల్లబడతామని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించినా, కౌంటరు దగ్గర అడిగితే ఇస్తూనే ఉన్నారు. ఘాటైనవి ఒళ్లంతా ఎక్కువకాలం పూస్తే పిట్యూటరీయే మందగించవచ్చు. అప్పుడు ఏసీటీహెచ్ తగ్గుతుంది కాబట్టి కార్టిసాల్ పడిపోయినా చర్మం నల్లబడదు.