అద్దె ఇళ్లకూ హెచ్చరిక చేరాలి

అనకాపల్లి జిల్లా కలెక్టర్ గారికి,

పరవాడలో అద్దెకుంటున్నవాళ్లలో నేనొకణ్ణి. విశాఖలో, గాజువాకలో అద్దెలు భరించలేక ఇటు వచ్చినవాళ్లం. ఇక్కడ రెండు గదులు, కాస్త వాకిలి మా జీతానికి అందుతాయి. బండ్ల రొద తక్కువ. పిల్లలు వీధిలో ఆడుకుంటారు. ఈ ఊరు వదిలి పోవాలని మాకు లేదు.

కానీ కొన్ని రాత్రులు ఘాటైన వాసన వస్తుంది. కిటికీలు మూసి, పిల్లల్ని లోపలి గదిలోకి మార్చి కూర్చుంటాం. తలుపులు వేసుకుని ఉండాలో, ఊరు దాటాలో చెప్పేవాళ్లుండరు. 2020 మే 7న విశాఖలోని వెంకటాపురం జనం ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరిని నిద్రలోనే పీల్చారు. ఆ మరుసటి నెలాఖరున మా పరవాడ ఫార్మా సిటీలోనే గ్యాస్ లీకై ఇద్దరు చనిపోయారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్ పేలుడు 17 మందిని పొట్టనపెట్టుకుంది. మా భయం ఊహ కాదు.

రసాయన ప్రమాదాలపై 1996 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం జిల్లా సంక్షోభ నివారణ బృందానికి అధ్యక్షులు కలెక్టరే; అందుకే మీకు రాస్తున్నాం. మాలో చాలామంది ఓటు, రేషన్ కార్డు శ్రీకాకుళంలోనో ఒడిశాలోనో ఉన్నాయి. మరి ఖాళీ చేయించాల్సిన రాత్రి మమ్మల్ని ఏ జాబితా చూసి లేపుతారు?

అద్దె ఇళ్లను ఇంటింటా లెక్కించి ఫోన్ నంబర్లు తీసుకోండి. సైరన్ మోగితే ఎటు వెళ్లాలో తెలుగు, ఒడియా, హిందీల్లో ప్రతి వీధిలో బోర్డు పెట్టించండి. మూడు నెలల్లోగా ఒక మాక్ డ్రిల్ రాత్రివేళ, ఇళ్ల మధ్యే జరిపించండి. ఆ డ్రిల్ తేదీని పంచాయతీ నోటీసు బోర్డులో ప్రకటించమని కోరుతున్నాం.

ఇట్లు,
పరవాడలో అద్దెకుంటున్న ఒక కార్మికుడు