ఆ ముద్ర ఆధార్ కార్డు మీద లేదు

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే గోల. ఆధార్ అంటే ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని మృగం ముద్ర అట, వేలిముద్ర వేస్తే రక్షణ పోయినట్టే అట. అది నమ్మి మన వీధిలో ఇద్దరు పెద్దమ్మలు రేషన్ షాపులో వేలు పెట్టడం మానేశారు. ఈ నెల బియ్యం పోయింది. ఆ మెసేజ్ పంపినవాళ్లు మాత్రం అదే వేలితో ఫోన్ తెరిచి ఇంకోటి పంపారు!

అయ్యా, 13 దగ్గరే పుస్తకం ఎందుకు మూస్తారు? 14వ అధ్యాయం మొదటి వచనం చూడండి. 1,44,000 మంది నొసళ్ల మీద గొఱ్ఱెపిల్ల పేరు, తండ్రి పేరు ఉన్నాయి. మీ బాప్తిస్మం రోజున పాస్టరుగారు నొసట పచ్చబొట్టు పొడిచారా? లేదు కదా. ఆ పేరు కంటికి కనబడని విధేయత అయినప్పుడు, దానికి ముందున్న ముద్ర మాత్రం చిప్పు ఎట్లా అవుతుంది? ద్వితీయోపదేశకాండం 6లో కూడా దేవుని మాటలను చేతికి కట్టుకోమని, కళ్ల మధ్య ఉంచుకోమని ఉంది. యూదులు తోలు డబ్బీల్లో పెట్టి కట్టుకున్నారు, నిజమే. కానీ అంతకు మూడు వచనాల ముందున్నది దేవుణ్ణి పూర్ణ హృదయంతో ప్రేమించమనే మాట.

666 సంగతీ అంతే. హెబ్రీలో అక్షరాలే అంకెలు. నీరో కైసరు అని రాసి కూడితే 666 వస్తుంది. నీరోన్‌లోని చివరి 'న్' తీసేస్తే 616. కొన్ని పాత ప్రతుల్లో సరిగ్గా ఆ 616 ఉంది. అందుకే ఎక్కువమంది పండితులు నీరో పేరే అంటారు. ఉత్తరం అందుకున్న ఏడు సంఘాల్లో ఒకటైన పెర్గములో చక్రవర్తికి గుడే ఉండేది. క్రీ.శ. 112 ప్రాంతంలో గవర్నరు ప్లినీ, పట్టుబడ్డ క్రైస్తవుల ముందు చక్రవర్తి బొమ్మ పెట్టించాడు. సాంబ్రాణి, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును దూషించినవాళ్లను వదిలేశాడు. కాదన్నవాళ్లను చంపించాడు. యోహాను అడిగింది నువ్వు ఎవరికి మొక్కుతావని. జేబులో ఏ కార్డుందని కాదు.

మరి మనం? పోయిన క్రిస్మస్ సభలో సిలువ కంటే ఎత్తుగా ఒక దాత ఫ్లెక్సీ కట్టాం. ప్రార్థన కంటే ముందు ఆయనకు దండ వేశాం. నూటికి పది వడ్డీకి తిప్పే డబ్బని అందరికీ తెలుసు. కట్టలేక ఊరు విడిచిపోయిన కుటుంబాలు మన సభ్యత్వ పుస్తకంలోనే ఉన్నాయి. 18వ అధ్యాయంలో బబులోను వర్తకుల సరుకుల పట్టీ బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. ఆ అధ్యాయాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం?

శనివారం పొద్దున ఆ ఇద్దరు పెద్దమ్మలను రేషన్ షాపుకు నేనే తీసుకెళ్తున్నాను. ఆటోలో ఇంకొకరికి చోటుంది. ఫ్లెక్సీ సంగతి వచ్చే కమిటీ మీటింగులో రాతపూర్వకంగా పెడుతున్నాను. సంతకం చేసేవాళ్లు ముందే చెప్పండి.