కోలారు నేర్పిన పాఠము

బంగారము దొరకినదను వార్త వినబడినంతనే జనులు దాని తూకము నడుగుదురు. ఆ లాభ మెవరికి చేరును, గని మూతపడిన పిదప ఆ యూరి గతి యేమి యని యడుగువా రరుదు. కర్నూలు జిల్లా జొన్నగిరియందు ప్రైవేటు కంపెనీ పసిడిగనికి పూనుకొన్న యీ కాలమున ఆ ప్రశ్నల నడుగుట మన విధి.

సాక్ష్యమునకై దూరము పోనక్కఱలేదు. కోలారున త్రవ్వుటకు లావెల్ అను ఐరిషు మాజీ సైనికుడు 1875లో మైసూరు ప్రభుత్వమువలన అనుమతి పొందెను. మూలధనము చాలక హక్కుల నితరులకు విడిచెను. 1880లో లండనునుండి జాన్ టెయిలర్ కంపెనీ వచ్చినది. 1902లో శివసముద్రమునుండి గనులకు విద్యుచ్ఛక్తి చేరినది. బెంగుళూరు వీథులకు దీపములు వచ్చుట 1905లో. నూటయిరువది యేండ్లలో అచ్చట వెలువడిన బంగారము సుమారు 800 టన్నులు. తొలి డెబ్బదియైదేండ్ల లాభము లండను వాటాదారుల పాలయ్యెను.

త్రవ్వినవారో? చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల బీద తెలుగువారు, తమిళులు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, బండలు పగిలి మీదపడు చీకటిలో పనిచేసి, ఱాతిధూళివలన ఊపిరితిత్తులు చెడి మరణించినవారనేకులు. తమ వ్రేలిముద్రలు తీయుటను ప్రతిఘటించి 1930లో వారు సమ్మెచేసిరి. 1956లో గనులు ప్రభుత్వపరమైనను, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నేడచ్చట మిగిలినవి సయనైడు కలిసిన మట్టిదిబ్బలు, పనిలేని పట్టణము.

కాలిఫోర్నియాలోను 1848లో బంగారపు వెఱ్ఱి పుట్టినది. కొండలను నీటిధారలతో కూల్చగా ఆ మట్టి నదులలో మేటవేసి, దిగువ రైతుల పొలములను ముంచినది. 1884లో న్యాయస్థానము దాని నాపెను. తీర్పు వచ్చునప్పటికే పొలములు పాడయ్యెను.

కావున షరతులు త్రవ్వకమునకు ముందే యుండవలయును. 2015 సవరణచట్టము గనులున్న జిల్లాలకై ఖనిజనిధి నేర్పఱచినది. ఆ నిధి లెక్కలు గ్రామసభలో చదువవలయును. త్రవ్వకమునకు ముందును, పిదప ఏటేటను బావినీళ్లు పరీక్షింపవలయును. దిబ్బలను కప్పి నేలను బాగుచేయుటకు వలసిన సొమ్ము ముందుగనే డిపాజిటు చేయింపవలయును. కూలీల ఊపిరితిత్తుల పరీక్ష కంపెనీ ఖర్చున జరుగవలయును.

సైదాపురపు అబ్రకపు గుంటల నెఱిగిన నెల్లూరు జిల్లావారికి ఇది క్రొత్త మాట గాదు. త్రవ్వినవారు తరలిపోయిరి, గుంటలు మనకు మిగిలినవి. జొన్నగిరి రైతునకు అట్టి గతి పట్టకుండ, ఈ షరతులను ప్రభుత్వము నేడే వ్రాతమూలకముగ ప్రకటించునట్లు పాఠకులు పట్టుబట్టుదురు గాక.