శొంఠి సరే, లైఫ్ జాకెట్ ఏదీ?

వేసవి సెలవులు రాగానే మూడు నాలుగు స్నేహ కుటుంబాలు కలిసి, ఒక వారం రోజులు నీటి ఒడ్డున గుడారాలలో బస చేసి, పడవలలో విహరించి రావటం మన మధ్యతరగతి ఇళ్ళలో క్రమంగా అలవాటవుతున్నది. ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు, కృష్ణాతీరాన సోమశిల, నాగార్జునసాగరం, గోదావరిపై పాపికొండలు ఇందుకు పేరుపొందిన తావులు. ఇది సంతోషించదగిన పరిణామమే. నాలుగు గోడల మధ్య టీ.వీ., సెల్‌ఫోన్‌లతో గడిపే పిల్లలకు చెట్టునీడ, నీటిగాలి, తోటి పిల్లల సహవాసం లభించటం ఏ రసాయన ఔషధానికీ తీసిపోదు.

అయితే ఈ ప్రయాణాలకు మనం సిద్ధమయ్యే తీరును గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఇంటి ఇల్లాలు శ్రద్ధగా ఒక పెట్టె సర్దుతుంది. శొంఠి, వాము, పసుపు, జీలకర్ర, తేనె అన్నీ అందులో ఉంటాయి. ఆ పెట్టె సంచిలో చేరగానే ఇంటిల్లిపాదికీ ఒక నిశ్చింత కలుగుతుంది. ఆ నిశ్చింతే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఇంటివైద్యాన్ని ప్రేమించే మనమే దాని హద్దును కూడా అందరికంటె ముందుగా చెప్పాలి.

ఋతుచర్యను మరువరాదు

చరకసంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తుంది. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఆదానకాలం. అనగా సూర్యుడు ప్రాణుల బలాన్ని గ్రహించే కాలం. గ్రీష్మంలో బలం మిక్కిలి క్షీణించి ఉంటుంది. కనుక మధురము, శీతలము, ద్రవము, స్నిగ్ధము అయిన ఆహారం తీసుకొనమనీ, ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం తగ్గించమనీ శాస్త్రం చెప్పింది. పగటినిద్రను సామాన్యంగా నిషేధించిన ఆయుర్వేదం ఈ ఋతువులో మాత్రం అనుమతించింది. మద్యం మానివేయాలి, లేదా మిక్కిలి నీటితో స్వల్పంగా మాత్రమే అన్నది.

మన విహారాలలో జరుగుతున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. మిట్టమధ్యాహ్నం పడవ ప్రయాణం, మాంసపు వేపుళ్ళు, ఊరగాయలు, రంగునీళ్ళు, రాత్రి పురుషుల మద్యగోష్ఠులు! పడవ షికారు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం నాలుగున్నర తరువాత ఉంచుకొని, మధ్యాహ్నం చెట్టునీడన ఒక కునుకు తీస్తే ఏమి నష్టం? పలుచని మజ్జిగ, రాగి అంబలి, తాటిముంజలు, మామిడికాయ పానకం, సుగంధిపాల షర్బత్, వట్టివేళ్ళు వేసిన కుండనీరు చాలవా? ఉప్పు తగ్గించమన్నారని మజ్జిగలో చిటికెడు ఉప్పు కూడా మానవలసిన పనిలేదు. చెమటతో పోయిన లవణాన్ని తిరిగి ఇవ్వటం అవసరం.

పెట్టె చేసే మేలు

పడవలో కడుపు త్రిప్పేవారికి అరగంట ముందుగా చిన్న అల్లంముక్క నమలటం చక్కని ఉపాయం. వంటలో వేలు కాలితే 20 నిమిషాలు చల్లని నీటిధార క్రింద ఉంచి, తరువాత కలబంద గుజ్జు వ్రాయవచ్చు. టూత్‌పేస్టు, ఇంకు పూయరాదు. విరేచనాలు పట్టుకుంటే, పొట్లం దొరికేవరకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు (రెండూ తలకొట్టి కొలిచినవి) కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. ఇంతవరకు పెట్టె మనకు అండ.

పెట్టెకు అందనివి

మొదటిది కట్లపాము. ఇది రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అని ఏడుస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. రాత్రి తిన్నది అరగలేదనుకొని మనం వాము నమిలిస్తే, ఆ వాముతో గడచిన గంటే ప్రాణం తీయవచ్చు. వేళ్ళు, పసర్లు, మంత్రాలు దీనికి విరుగుడు కావు. కరచిన అవయవాన్ని కదలనీయక, కట్లు బిగించక, గాట్లు పెట్టక, విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకొని వెళ్ళటమే మార్గం. మడతమంచం, అంచులు పరుపు క్రిందికి దోపిన దోమతెర, చేతిలో టార్చిలైటు – నివారణ ఇంతే. అదే దోమతెర మలేరియా నుండి కూడా కాపాడుతుంది.

రెండవది వడదెబ్బ. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న మనిషికి ఉల్లిపాయరసం పూస్తూ కాలయాపన చేయరాదు. నీడకు చేర్చి, ఒంటినిండా నీళ్ళు పోసి, విసరుతూ, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు కూడా పోయరాదు.

మూడవది నీరు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానదిలో పడవ మునిగి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. బ్రతికి బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్లు వేసుకొన్నవారే. ఉక్కగా ఉన్నదనీ, ఫొటోలో బాగుండదనీ దానిని విప్పటం మనం చూస్తూనే ఉన్నాము. పిల్లలకు పెద్దల జాకెట్ తగిలించటం కూడా ఫలితం లేని పని. నీటిలో అది తల మీదుగా జారిపోతుంది. మునిగినవారిని తలక్రిందులు చేసి త్రిప్పటం, పొట్ట నొక్కి నీరు కక్కించటం మన పల్లెలలో నేటికీ ఉన్నది. అందువలన విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి ఆగినవారికి నోటితో శ్వాస అందించి, ఛాతీ నొక్కటం వెంటనే ఆరంభించాలి. ఆ పద్ధతిని బృందంలో ఇద్దరైనా ముందుగా నేర్చుకొని ఉండటం మంచిది.

స్నేహితుల బృందంలో ఒక ఇబ్బంది ఉన్నది. అందరూ ఉన్నారు కదా అని ఎవరూ చూడరు. నీటి దగ్గర పిల్లలపై కన్ను వేసి ఉంచే బాధ్యత గంటకొకరు చొప్పున వంతుల వారీగా పెట్టుకోవాలి. వంతులో ఉన్నవారు పేకాటకు, కబుర్లకు, మద్యానికి దూరంగా ఉండాలి. సమీప ప్రభుత్వాసుపత్రి ఏదో, ఎంత దూరమో, అక్కడ పాముకాటు మందు ఉన్నదో లేదో బయలుదేరేముందే విచారించాలి.

కొందరికి ఈ మాటలు ఇంటివైద్యాన్ని తక్కువ చేసినట్లు తోచవచ్చు. అది సరికాదు. వ్యాధులలో సాధ్యాసాధ్య వివేచన చేసిన తరువాతనే చికిత్సకు పూనుకొనమని మన ఆచార్యులే నిర్దేశించారు. శొంఠిని తప్పక తీసుకొని వెళ్ళండి. దానితోపాటు దోమతెర, టార్చిలైటు, మీ పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ కూడా తీసుకొని వెళ్ళండి. పడవ దిగి ఒడ్డు చేరేవరకు దానిని విప్పనీయకండి.