మాత్ర మార్చవలసినది ఎవరు?

“అయ్యగారూ, హెచ్.ఐ.వి. మాత్రలు మాని మీ రసాయనం సేవించనా?” అని షాద్‌నగర్‌లో ఒక రోగి నన్నడిగాడు. వలదన్నాను. గురుకులంలో నేర్చిన శాస్త్రంపై నాకు అచంచల విశ్వాసం కలదు; అయినను ఆ వైరస్‌ను అణచేవి 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఏ.ఆర్.టి. మందులే.

మందు మార్పును నీరసం చూచి నిర్ణయించరాదు. రక్తంలో వైరస్ లెక్క మిల్లీలీటరుకు 1000 దాటినచో, మాత్రలు తప్పక వేసుకొంటున్నదీ లేనిదీ విచారించి, మూడు నెలలకు మరల పరీక్షించి, అప్పుడే కేంద్రంవారు మార్చుదురు.

నేడు వాడుకలోనున్న డోలుటెగ్రావిర్‌ను మన లోహభస్మంలోని ఇనుము, శంఖభస్మంలోని కాల్షియం ఒంటికి పట్టనీయక అడ్డగించగలవు. ఆ మాత్రను వీటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతనో వేసుకోవలెను. కనుక ఏ భస్మం వాడుతున్నా అక్కడి వైద్యునికి దాచక చెప్పండి. ఆయుర్వేదం తోడుగా నిలువవచ్చును. ఆ మాత్రల స్థానంలో కాదు.