పాట వినాలంటే పక్కన కూసోవాలె

తెలంగాణ పాట పెద్ద మైదానంలో పుట్టలేదు. నలుగురు కూర్చున్న అరుగు మీద, హాస్టల్ గదిలో, యూనియన్ ఆఫీసు జంపఖానా మీద పుట్టింది. అక్కడ పదునెక్కాకనే మైదానానికి పోయింది. ఈ వరుసను మనం మరిచిపోతున్నాం. లక్షల మంది వచ్చిన సభలు యాదికున్నయి గానీ, ఆ సభలకు పాటను తయారు చేసి పంపిన చిన్న గదులు యాదికి లేవు. ఆ గదులు ఇంకా ఉన్నాయి. మనమే పోవడం మానేశాం.

తన పాటను తానే కట్టుకుని, తానే బాణీ పెట్టుకుని, తానే పాడే మనిషి ముందు యాభై మంది కూర్చుని వినడం వేరే సంగతి. స్టూడియోలో పాటను నాలుగు నిమిషాలకు కత్తిరిస్తారు. మూడు చరణాలకు మించి ఉంచరు. అదే పాట చిన్న హాలులో ఇరవై నిమిషాలు నడుస్తుంది. కవి మధ్యలో ఆగుతాడు, ఈ మాట ఏ ఊర్లో దొరికిందో చెబుతాడు, ముందు వరుసలోని ముసలాయన ఏదో అంటే నవ్వి, ఆ మాటనే ఎత్తుకుని కొత్త చరణం అల్లుతాడు. కోరస్ కోసం ఎవరినీ వెంట తెచ్చుకోడు, కూర్చున్న మనమే కోరస్. గోరటి వెంకన్న పల్లె పాట 'కుబుసం' సినిమాలోకి ఎక్కి రాష్ట్రమంతా మోగింది, మంచిదే. కానీ ఆ పాటను వెంకన్న నోట, పది అడుగుల దూరంలో, ఆయన కాలు కదుపుతూ పాడుతుంటే విన్నవాళ్లను అడగండి. సినిమాలో విన్నది ఆ పాటలో సగమేనంటారు.

ఉద్యోగులకు ఒక మాట గుర్తు చేయాలి. మన పాట కట్టినవాళ్లలో చాలామంది మీవాళ్లే. గూడ అంజయ్య ఫార్మసిస్టు. వెంకన్న సహకార శాఖలో పనిచేశాడు. జయరాజ్ సింగరేణి నుంచి వచ్చాడు. నిస్సార్ ఆర్టీసీ ఉద్యోగి. పగలు డ్యూటీ, రాత్రి పాట. వీళ్లను పెంచింది ఏ సంగీత అకాడమీ కాదు. డ్యూటీ దిగాక కలిసే పది మంది మిత్రులు, బాగలేని చరణాన్ని మొహమాటం లేకుండా బాగలేదని చెప్పిన మిత్రులు పెంచారు. అందెశ్రీకైతే బడి కూడా లేదు. గొడ్లు కాసి, తాపీ పని చేసి, విన్నదాన్నే చదువు చేసుకున్నాడు. ఆయన పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది.

ఉద్యమ కాలంలో చిన్న వేదికలకు కొదవ లేకుండె. ధూంధాం 2002లో కామారెడ్డిలో మొదలై జిల్లాలన్నీ తిరిగింది, దాని గురించి అందరూ రాశారు. రాయనిది రిలే దీక్షా శిబిరాల గురించి. తహసీల్ ఆఫీసు ముందర ఒక టెంటు, దాని కింద పది కుర్చీలు, ఒక డప్పు. పదకొండు గంటలకు దండలు వేసుకుని కూర్చుంటే సాయంత్రం దాకా ఏం చేయాలె? పాటలు కట్టారు. టీచర్లు కట్టారు, కండక్టర్లు కట్టారు, డిగ్రీ పిల్లలు కట్టారు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచిందంటే, అన్ని రోజులూ ఆ టెంట్ల కింద కొత్త పాట వినబడింది. బాగలేని పాటలూ బోలెడు వచ్చాయి, అదేం తప్పు కాదు. వంద పాటలు అట్ల కడితేనే రెండు నిలుస్తాయి. ఆ టెంట్లు ఎత్తేశాక ఆ వంద మందికి పాడుకునే జాగ లేకుండా పోయింది.

ఇప్పుడు పాట ఎక్కడుంది? కొంత ప్రభుత్వ వేదిక మీద ఉంది. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి అయిదు వందల పైచిలుకు కళాకారులకు జీతాలిచ్చారు. కడుపు నిండని కళాకారునికి జీతం దొరికితే సంతోషించాల్సిందే, మేం దాన్ని తప్పుబట్టం. కానీ పథకం మీద పాట కట్టిన నోరే, ఆ పథకం అందని అవ్వ మీద కడితే ఏమవుతుంది? 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, ఈ ప్రశ్న మారలేదు. ఇంకొంత పాట ఎన్నికల ప్రచార రథం మీద ఉంది, అక్కడ బాణీ పాతదే, పేరు మాత్రం అభ్యర్థిది. మిగిలింది యూట్యూబ్‌లో ఉంది. అక్కడ డీజే దరువు కింద మాట నలిగిపోతుంది. ఎవరో ఫోన్‌లో పట్టుకుని ఎక్కిస్తారు, రాసినవాని పేరు కూడా ఉండదు. గీత రచయితకు రాయల్టీ హక్కు ఉండాలని 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఆ సవరణ మారుమూల ఊరి కవి దాకా వచ్చిందా? చిన్న హాలులో అయితే డబ్బు వాని చేతికే వస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు దూరమని సాకు చెప్పొద్దు. బాగలింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో దొడ్డి కొమురయ్య హాలుంది, షోయబుల్లాఖాన్ హాలుంది. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది. అక్కడ చాయ్, సమోసా తింటూ బండ పక్కన కూర్చుని వినొచ్చు. లామకాన్ అనగానే మన మిత్రులు కొందరు మొహం చిట్లిస్తారు, అది ఇంగ్లిష్ పిల్లల అడ్డా అంటారు. పోయి చూడండి. గిటార్ పట్టుకున్న పిల్లగాడు తన పాటను తానే రాసుకుని, మధ్యలో ఆగి, ఇది మా అమ్మ మీద కట్టిన అని చెబుతాడు. గొంగడి మీద వేసుకున్న మన కవి చేసే పని కూడా అదే కదా. ఈ ఇద్దరినీ ఒక సాయంత్రం ఒకే చాప మీద కూర్చోబెట్టాలని మాకు చాలా రోజులుగా ఉంది.

పోనీ మన హాళ్లలో అంతా బాగుందా అంటే, లేదు. ఆరింటికని కార్డు మీద అచ్చేస్తారు, ఏడున్నరకు మొదలుపెడతారు. వేదిక మీద పదిహేను కుర్చీలు. ఒక్కొక్క వక్త పాట గొప్పతనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి పాటకు పది నిమిషాలు మిగులుస్తాడు. చివరికి కవికి ఒక శాలువా, ఒక మెమెంటో. బస్సు కిరాయి సంగతి ఎవరూ అడగరు. ఇట్లా వచ్చిన శాలువాలు బొంతలు కుట్టుకునేటన్ని ఉన్నాయని ఒక కవి మాతో నవ్వుతూ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మాకు నవ్వు రాలేదు. ఈ వక్తల్లో మా పత్రికల వాళ్లం కూడా ఉంటాం కాబట్టి మొదట మమ్మల్నే కిందికి దించండి.

డప్పు సంగతి కూడా చెప్పాలి. తోలు డప్పును మంట మీద కాపితేనే పలుకుతుంది. హాలు లోపల మంట పెట్టనివ్వరు. అందుకని కళాకారులు గేటు బయట పాత పేపర్లు కాల్చి డప్పు కాపుకుంటారు. మా పేపర్లకు అంతకన్నా మంచి ఉపయోగం ఉంటుందని మేం అనుకోం. కాపాల్సిన పని లేని ఫైబర్ డప్పులు వచ్చాయి, వాటిలో ఆ వెచ్చదనం లేదు. ఈ తేడా సెల్‌ఫోన్ స్పీకర్‌లో వినబడదు. రెండో వరుసలో కూర్చున్నవాని రొమ్ముకు తగులుతుంది.

తొందర ఎందుకంటే, మనుషులు వెళ్లిపోతున్నారు. అంజయ్య 2016లో పోయాడు. కరోనా మీద పాట కట్టిన నిస్సార్ 2020లో ఆ కరోనాకే బలయ్యాడు. గద్దర్ 2023 ఆగస్టులో పోయాడు, అందెశ్రీ 2025 నవంబర్‌లో. పోయినంక కన్నీళ్లు పెట్టి స్టేటస్‌లు పెట్టినవాళ్లలో ఎంత మంది వాళ్ల ఎదుట కూర్చుని ఒక సాయంత్రం విన్నారు? బతికున్న కవులు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఇరవై అయిదేండ్ల పిల్లలు కొత్తగా కడుతున్నారు. గల్ఫ్ మీద, కోచింగ్ సెంటర్ల మీద, ఫార్మా కంపెనీల కింద పోయిన భూముల మీద. ఆ పాటలకు ఇంకా వేదిక లేదు, అవి ప్రభుత్వ వేదిక మీద పాడే పాటలూ కావు.

జిల్లా కేంద్రాల్లో ఉద్యోగ సంఘాల భవన్లు ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత వాటికి తాళమే. రెండో శనివారం ఆ తాళం తీయమని సంఘం నాయకులను అడుగుదాం. ఒక కవి, ఒక డప్పు, రెండు జంపఖానాలు చాలు. యాభై మంది ఉన్న గదిలో మైకు అవసరం లేదు. వక్తలు వద్దు, దండలు వద్దు. తలా వంద రూపాయలు, విద్యార్థులకు ఇరవై. వచ్చినదంతా లెక్కబెట్టి అదే రాత్రి కవి చేతిలో పెట్టాలి, పాటల పుస్తకం అచ్చేసుకుని తెస్తే ఒకటి కొనాలి. అమ్మాయిలు ఆఖరి బస్సు అందుకునేటట్టు తొమ్మిదింటికల్లా ముగించాలి. మా ఊరి భవన్ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కున్నాం. వచ్చే వారం పోయి అడుగుతాం.